అంతర్యుద్ధం ముగిసిన రాజ్యం: ఫాంటసీ కథలో నిలకడలేని శాంతిని నిర్మించడం ఎలా

ఫాంటసీ రాసేవాళ్ళలో చాలామంది యుద్ధాన్ని బాగా రాస్తారు. కోట కూలడం, చివరి ద్వంద్వయుద్ధం, పట్టాభిషేకం అన్నీ కళ్ళకు కట్టిస్తారు. ఆ మర్నాటి నుంచి ఏం జరిగిందో మాత్రం ఒక్క పేజీలో తేల్చేస్తారు. నాకైతే అసలు కథ ఆ మర్నాడే మొదలవుతుందనిపిస్తుంది. నిన్నటిదాకా చంపాలనుకున్న మనిషి ఇవాళ అదే బావి దగ్గర నీళ్ళు తోడుతూ కనిపిస్తాడు. పరాయి దేశంతో యుద్ధమైతే శత్రువు సరిహద్దు దాటి వెళ్ళిపోతాడు. అంతర్యుద్ధంలో వెళ్ళడానికి ఎవరికీ వేరే చోటు ఉండదు.

ఇలాంటి శాంతిని రాసేటప్పుడు ఎక్కడో దాక్కున్న దుష్టుడు తిరిగొచ్చి దాన్ని భగ్నం చేయడం సులువైన దారి. దాన్ని వదిలేయమని నా సలహా. శాంతి ఏ షరతుల మీద కుదిరిందో ఆ షరతుల్లోనే దాని బలహీనత ఉండాలి. కింద చెప్పే అడుగులన్నీ దీని కోసమే.

ఉదాహరణకి పేరు పెట్టని ఒక రాజ్యం అనుకుందాం. రాజు పోయాక ఆయన కూతురికీ తమ్ముడికీ మధ్య సింహాసనం కోసం పోరు మొదలైంది. కొండ కోటల సామంతులు కూతురి వైపు, ఏటి ఒడ్డు పట్టణాలు తమ్ముడి వైపు నిలిచారు. ముప్పై ఏళ్ళు కొట్టుకున్నారు. వీళ్ళని కొండవాళ్ళు, ఏటివాళ్ళు అని పిలుద్దాం.

మొదటి అడుగు: యుద్ధం ఎందుకు ఆగిందో ఒక్క వాక్యంలో రాయండి

ఒకరు గెలిచారా, ఇద్దరూ అలసిపోయారా, లేక బయటి రాజ్యమేదైనా కత్తి చూపించి కూర్చోబెట్టిందా? ఒక్కోదాని నుంచి ఒక్కో రకం శాంతి వస్తుంది. ఒకరు గెలిస్తే ఓడినవాళ్ళ అవమానమే ప్రధాన సమస్య. ఇద్దరూ అలసిపోతే ఎవరూ ఓడలేదన్న నమ్మకం రెండువైపులా మిగిలిపోతుంది. బయటివాళ్ళు ఆపిన యుద్ధమైతే వాళ్ళు వెళ్ళిపోయే రోజు కోసం అందరూ ఎదురుచూస్తూ ఉంటారు.

నాకు బాగా నచ్చిన నమూనా ఇంగ్లండ్‌ది. 1135లో రాజు మొదటి హెన్రీ చనిపోయాక ఆయన కూతురు మటిల్డాకీ మేనల్లుడు స్టీఫెన్‌కీ మధ్య మొదలైన పోరు 1153లో రాజీతో ముగిసింది. స్టీఫెన్ బతికున్నంతకాలం రాజుగా ఉంటాడు, ఆ తర్వాత మటిల్డా కొడుకు హెన్రీ గద్దెనెక్కుతాడు. స్టీఫెన్ సొంత కొడుకు విలియం భూములు తీసుకుని హక్కు వదులుకున్నాడు. మరుసటి ఏడే స్టీఫెన్ చనిపోవడంతో ఆ రాజీ నిలిచింది. ఆయన ఇంకో ఇరవై ఏళ్ళు బతికుంటే? ఆ ఇరవై ఏళ్ళలో విలియం మనసు మారితే? చరిత్ర వాడుకోని ఇలాంటి అవకాశాలు కథకుడికి బోలెడు పనికొస్తాయి.

ఇక్కడే ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి: ఇది ఎన్నో శాంతి? ఫ్రాన్స్‌లో 1562 నుంచి 1598 వరకు క్యాథలిక్కులకీ ప్రొటెస్టెంట్లకీ మధ్య ఎనిమిది యుద్ధాలు జరిగాయి. మధ్యలో ప్రతిసారీ ఒక సంధి, ప్రతిసారీ దాని భంగం. అన్నిసార్లు చూసిన మనిషి కొత్త సంధి గురించి చాటింపు వింటే సంబరపడడు. ఇంటికెళ్ళి ధాన్యం పాతర మళ్ళీ ఎలా దాచాలా అని ఆలోచిస్తాడు. మీ రాజ్యంలో ఇంతకుముందు రెండు సంధులు విఫలమయ్యాయని పెట్టుకుంటే, జనం ప్రవర్తన దానంతటదే మారిపోతుంది.

రెండో అడుగు: ఒప్పందాన్ని నిజంగా రాయండి

కథలో ఒక్క వాక్యం కూడా కనిపించకపోయినా సరే, ఒప్పందం పది షరతులతో కాగితం మీద ఉండాలి. ఈ అడుగు ఎవరూ దాటేయకూడదని నా పట్టుదల. ఎందుకంటే తర్వాత రాబోయే గొడవలన్నీ ఆ కాగితంలోంచే పుడతాయి.

భూమితో మొదలుపెట్టండి. "ఎవరి భూములు వాళ్ళకి తిరిగి ఇవ్వాలి" అని రాయడం తేలిక. కానీ ఎప్పటి లెక్క ప్రకారం? ముప్పై ఏళ్ళలో ఒక పొలం నాలుగుసార్లు చేతులు మారి ఉండొచ్చు. యూరప్‌లో 1618 నుంచి 1648 దాకా సాగిన ముప్పై ఏళ్ళ యుద్ధం తర్వాత వెస్ట్‌ఫేలియా సంధిలో ఇదే చిక్కు వచ్చింది. చర్చి ఆస్తుల విషయంలో 1624 జనవరి 1న ఎవరి చేతిలో ఏది ఉందో దాన్నే ప్రమాణంగా తీసుకున్నారు. ఒక్క తేదీతో కొందరి బతుకులు నిలబడతాయి, కొందరివి కూలిపోతాయి. మీ ఒప్పందంలోనూ అలాంటి తేదీ ఒకటి పెట్టండి. ఆ తేదీకి సరిగ్గా నెల ముందు పొలం పోగొట్టుకున్న కుటుంబాన్ని ఒకదాన్ని తయారు చేసుకోండి. వాళ్ళ కోపం అన్యాయం కాదు, వాళ్ళకి తిరిగి ఇస్తే జరిగేది న్యాయమూ కాదు, ఎందుకంటే ఆ పొలం ఇప్పుడు సాగు చేస్తున్నది యుద్ధంలో అనాథైన పిల్లలు.

1660లో ఇంగ్లండ్‌లో రాజరికం తిరిగొచ్చినప్పుడు ఇంకో రకం గాయం మిగిలింది. అంతకుముందు అంతర్యుద్ధంలో రాజుని ఓడించిన పార్లమెంటు పక్షం జప్తు చేసిన రాజు భూములు, చర్చి భూములు వెనక్కి వచ్చాయి. రాజు పక్షాన పోరాడి, ఆ తప్పుకి వేసిన జరిమానాలు కట్టడానికి సొంత భూములు అమ్ముకున్నవాళ్ళకి మాత్రం ఏమీ రాలేదు. అమ్మకం అమ్మకమే అన్నారు. గెలిచిన పక్షంలోనే పుట్టే ఈ అసంతృప్తిని కథల్లో చాలా తక్కువగా చూస్తాం. ఓడినవాడి పగ కంటే, గెలిచీ ఏమీ దక్కనివాడి చేదు ప్రమాదకరం. అతని దగ్గర ఆయుధం ఉంది, దర్బారులో పలుకుబడీ ఉంది.

తర్వాత హామీలు. ఒప్పందం మీద ఇద్దరికీ నమ్మకం లేదు కాబట్టి ఇద్దరూ ఏదో ఒక పూచీ అడుగుతారు. 1598లో నాంత్ శాసనం ఫ్రెంచి ప్రొటెస్టెంట్లకి మత స్వేచ్ఛతోపాటు కొన్ని కోట పట్టణాలు కూడా ఎనిమిదేళ్ళపాటు ఉంచింది. వాటిలో ఉండే సైనికుల జీతం రాజే ఇవ్వాలి. భయం పోగొట్టడానికి ఇచ్చిన ఆ కోటలే తర్వాతి రాజుకి భయంగా మారాయి. 1628లో ప్రొటెస్టెంట్ల ముఖ్య కోట పట్టణం లా రొషెల్ ముట్టడికి లొంగిపోయింది, మరుసటి ఏడు మిగిలిన కోటల హక్కూ పోయింది, 1685లో శాసనమే రద్దయింది. శాంతిని నిలబెట్టే స్తంభమే తర్వాతి యుద్ధానికి కారణం కావడం ఎలాగో దీన్ని చూసి నేర్చుకోవచ్చు. మన కొండవాళ్ళకి మూడు కనుమల కోటలు పదేళ్ళు ఉంచండి. కథ తొమ్మిదో ఏట మొదలుపెట్టండి.

పెళ్ళిళ్ళూ హామీలే. 1486లో ఏడో హెన్రీ శత్రువంశపు యార్క్ ఎలిజబెత్‌ని చేసుకోవడం ఇంగ్లండ్‌లో పనికొచ్చింది. 1572 ఆగస్టు 18న పారిస్‌లో అలాంటి రాజీ పెళ్ళే జరిగితే, దానికోసం ఊళ్ళోకి వచ్చిన ప్రొటెస్టెంటు పెద్దల్ని ఆరో రోజున ఊచకోత కోశారు. జపాన్‌లో తోకుగావా పాలకులు వేరే పద్ధతి పట్టారు. 1635 నుంచి సామంతులు వంతులవారీగా రాజధానిలో ఉండాలి, వాళ్ళ భార్య, వారసుడు ఎప్పుడూ అక్కడే ఉండాలి. దాన్ని బందీ అని ఎవరూ పైకి అనరు. అలా రాజధానిలో పెరిగిన కొండవాళ్ళ కుర్రవాడికి కొండ యాస రాదు, ఏటివాళ్ళ పాటలే వస్తాయి. పదిహేనేళ్ళ తర్వాత వాడు ఇంటికెళ్తే ఎవరివాడు?

చివరగా ఒక షరతులో ఒక్క మాటని కావాలనే అస్పష్టంగా వదలండి. "తగిన పరిహారం", "సముచిత గౌరవం" లాంటి మాట. సంధి రాసేవాళ్ళు నిజంగానే అలా చేస్తారు, ఎందుకంటే ఆ మాటని విడమరిస్తే ఆ రోజు సంతకాలు జరగవు.

మూడో అడుగు: పనిలేని సైనికులకి దారి చూపండి

ముప్పై ఏళ్ళ యుద్ధమంటే ఒక తరం మొత్తానికి అదే వృత్తి. పాతికేళ్ళ వాడికి నాగలి పట్టడం రాదు. కూలి ఇచ్చే రాజు ఇప్పుడు ఆపేశాడు, పైగా బాకీ ఉన్నాడు. ఇంగ్లండ్, ఫ్రాన్స్ రాజుల మధ్య 1360లో బ్రెతీన్యీ సంధి కుదిరాక కిరాయి పటాలాలు రోడ్డున పడ్డాయి. వాళ్ళు ఊళ్ళు దోచుకుంటూ బతికారు, అడ్డొచ్చిన రాజసైన్యాన్ని 1362లో బ్రిన్యే దగ్గర ఓడించారు కూడా. సామాన్యుడి దృష్టిలో యుద్ధం కంటే శాంతే భయంకరంగా ఉన్న కాలం అది. చివరికి ఫ్రాన్స్ వాళ్ళలో చాలామందిని స్పెయిన్ వైపు కాస్తీల్ రాజ్యంలో సింహాసనం పోరుకి పంపించింది. తన సమస్యని పక్కింటికి ఎగుమతి చేసిందన్నమాట.

కాబట్టి డబ్బు లెక్క వేయండి. వెస్ట్‌ఫేలియా సంధిలో స్వీడన్ తన సైన్యాన్ని ఇంటికి పంపడానికే యాభై లక్షల థేలర్లు (నాటి వెండి నాణేలు) వసూలు చేసింది. ఆ వసూళ్ళు, సైన్యాల ఉపసంహరణ తేల్చడానికి సంతకాల తర్వాత కూడా న్యూరెంబెర్గ్‌లో 1650 దాకా చర్చలు సాగాయి. మీ రాజ్యంలో బకాయి ఎంత, ఖజానాలో ఎంత ఉంది, తేడా పూడ్చడానికి ఎవరి మీద పన్ను వేస్తారు? ఆ పన్ను కట్టేది ఏటి పట్టణాలైతే, తమ ఇళ్ళు తగలబెట్టిన సైనికుల జీతం తామే చెల్లిస్తున్నామని అనుకోకుండా ఉంటారా?

ఆయుధాల సంగతి కూడా వేరుగా చూడండి. 1588లో జపాన్ పాలకుడు హిదెయోషి రైతుల దగ్గర కత్తులు తీసుకుంటూ, వాటిని కరిగించి బుద్ధ విగ్రహానికి మేకులు, బిగింపులు చేయిస్తామని, ఆ పుణ్యం ఇచ్చినవాళ్ళకే దక్కుతుందని ప్రకటించాడు. లాక్కోవడానికి కూడా ఒక మర్యాద వెతికారు. మీ రాజ్యంలో కత్తుల అప్పగింతకి ఏ సాకు, ఏ వేడుక? ఎవరు తుప్పు పట్టినవి ఇచ్చి మంచివి పాతిపెట్టారు? ప్రతి ఇంట్లో ఏదో ఒకటి దాచే ఉంటారు. అది మోసం కావాలని ఏమీ లేదు, రెండు సంధులు విఫలమవడం చూసిన తల్లి జాగ్రత్త కావచ్చు.

నాలుగో అడుగు: ఎవరు ఏం మర్చిపోవాలో నిర్ణయించండి

నా లెక్కలో అన్నిటికంటే కష్టమైన అడుగు ఇదే. తొందరపడకండి.

క్రీ.పూ. 403లో ఏథెన్స్‌లో ముప్పైమంది నియంతల పాలన కూలింది. ఎనిమిది నెలల్లో వాళ్ళు సుమారు 1500 మందిని చంపించారు. ప్రజాస్వామ్యం తిరిగి నిలబడ్డాక పౌరులంతా పాత చేదుని తవ్వబోమని ప్రమాణం చేశారు. ఆ ముప్పైమందికీ, వాళ్ళ కింద పనిచేసిన కొద్దిమంది అధికారులకీ తప్ప అందరికీ క్షమాభిక్ష. అయినా ఒకడు పాత కక్ష బయటికి తీశాడు. ఆర్కినస్ అనే నాయకుడు వాడిని పట్టించి విచారణ లేకుండానే మరణశిక్ష వేయించాడు. క్షమని కాపాడటానికి ఒక మనిషిని చంపారు. చచ్చినవాడి అన్నని నియంతలే చంపి ఉంటే? ఈ ఒక్క సన్నివేశం మీద నవల నిలబడుతుంది.

మర్చిపోవడానికి బదులు చెప్పించడం ఇంకో దారి. దక్షిణాఫ్రికాలో 1996లో విచారణలు మొదలుపెట్టిన సత్య, సయోధ్య కమిషన్ ఎదుట రాజకీయ నేరాలు చేసినవాళ్ళు పూర్తి నిజం చెబితే క్షమాభిక్షకి అర్హులు. బాధితుల కుటుంబాలు ఎదురుగా కూర్చుని విన్నాయి. మీ రాజ్యం ఈ రెంటిలో ఏది ఎంచుకుందో, ఎందుకు ఎంచుకుందో స్పష్టంగా తెలియాలి. నిశ్శబ్దాన్ని ఎంచుకుంటే శవం ఎక్కడుందో తెలియని తల్లులు ఉంటారు. నిజాన్ని ఎంచుకుంటే, అది తెలిశాక పక్కింట్లో ఎలా బతకాలో తెలియని కొడుకులు ఉంటారు.

మనకి బాగా తెలిసిన కథలోనే ఇది ఎంత సూక్ష్మంగా ఉందో చూడండి. కురుక్షేత్రం ముగిశాక ధృతరాష్ట్రుడు పదిహేనేళ్ళు ధర్మరాజు నీడలోనే హస్తినలో ఉన్నాడు. ధర్మరాజు ఆయనకి ఏ లోటూ రానివ్వలేదు. కానీ నీ కొడుకుల్ని చంపిన చేతులివేనని ముసలాయనకి వినపడేలా భీముడు అంటూ ఉండేవాడు. ఆ మాటలు పడలేక ఆయన అడవికి వెళ్ళిపోయాడు. రాజ్యం కూలలేదు, కత్తి లేవలేదు. అయినా శాంతి ఎక్కడ విరిగిందో మనకి తెలుసు. యుద్ధం మొదలయ్యేముందు పక్షం మారి పాండవుల వైపు వచ్చిన యుయుత్సుడి గురించి కూడా ఆలోచించండి. తన వందమంది అన్నదమ్ములూ పోయాక ఆ ఇంట్లో అతను తండ్రి ఎదుట ఎలా కూర్చుని ఉంటాడు? మీ కథలోనూ పక్షం మారిన మనిషి ఒకడుండాలి. రెండువైపులా అతన్ని వాడుకుంటారు, రెండువైపులా నమ్మరు.

ఐదో అడుగు: మంత్రశక్తిని శాంతికి ఎదురుగా నిలబెట్టండి

ఫాంటసీకే ప్రత్యేకమైన అడుగు ఇది. పైన తేల్చుకున్న ప్రతి విషయాన్నీ మీ మాయతో మళ్ళీ పరీక్షించాలి.

ప్రమాణం మంత్రబద్ధమైతే, తప్పినవాడు అక్కడికక్కడే చస్తాడంటే, ఇక నమ్మకంతో పని లేదు. శాంతి బలహీనం కూడా కాదు. అందుకే ప్రమాణానికి హద్దు పెట్టండి. అది చేసినవాడినే కడుతుంది, వాడి పిల్లల్ని కట్టదు అనండి. అప్పుడు ప్రమాణం చేసిన వృద్ధ సామంతుల ఆరోగ్యం మీద రాజ్యమంతా కళ్ళు పెట్టుకుంటుంది. ఒక్కొక్కరు చనిపోతున్నకొద్దీ టెన్షన్ పెరుగుతుంది. లేదా మంత్రం అక్షరాన్ని మాత్రమే చూస్తుంది, ఉద్దేశాన్ని చూడదు అనండి. అప్పుడు రెండో అడుగులో వదిలిన అస్పష్టమైన మాట ప్రాణాలతో చెలగాటమవుతుంది.

నిజం చెప్పించే మంత్రం ఉందా? అయితే ఏథెన్స్ తరహా మరపు సాధ్యం కాదు, ఎవరో ఒకరు అడగనే అడుగుతారు. ఆ మంత్రాన్ని నిషేధించారనుకోండి. చెల్లెల్ని ఎవరు చంపారో తెలుసుకోవడానికి దొంగచాటుగా దాన్ని వాడే అమ్మాయి నేరస్తురాలవుతుంది, పాఠకుడు ఆమె పక్షానే ఉంటాడు. చనిపోయినవాళ్ళతో మాట్లాడే విద్య ఉంటే సమస్య ఇంకా పెద్దది. శవాలు సాక్ష్యం చెబుతాయి, ఒప్పందం మీద సంతకం పెట్టింది బతికున్నవాళ్ళే కదా.

ఆయుధాల అప్పగింతలో మాంత్రికుల సంగతేంటి? సైనికుడు కత్తి ఇచ్చేస్తాడు, మాంత్రికుడు ఏం ఇస్తాడు? నాలుకా, చేతులా, జ్ఞాపకమా? గెలిచినవాళ్ళు దేన్ని అడిగారన్నదాన్ని బట్టి ఆ శాంతి ఎంత క్రూరమైనదో పాఠకుడికి అర్థమవుతుంది. శపించిన పొలాలు కూడా మర్చిపోకండి. యుద్ధాలు ముగిసిన దశాబ్దాల తర్వాత కూడా మందుపాతరలు రైతుల కాళ్ళు తీస్తూనే ఉంటాయి. శాపం పెట్టినవాడు చనిపోయి ఉంటే దాన్ని తీసేదెవరు?

ఆరో అడుగు: కాగితాలు, నాణేలు, పేర్లు

ఇది చిన్న అడుగే, కానీ ఇక్కడ దొరికే వివరాలు కథకి ప్రాణం పోస్తాయి. ఇద్దరు రాజులున్నప్పుడు రెండు రకాల నాణేలు నడుస్తాయి. స్టీఫెన్ కాలంలో మటిల్డాతోపాటు కొందరు సామంతులు కూడా సొంత నాణేలు కొట్టించారు. తర్వాత వచ్చిన రెండో హెన్రీ 1158లో కొత్త నాణేలు తెచ్చాడు. ఓడిన రాజు నాణెంలో చేసిన అప్పు ఇప్పుడు ఎంత? ఆయన ముద్ర ఉన్న పట్టా చెల్లుతుందా? ఆయన న్యాయాధికారి చేసిన పెళ్ళి చెల్లుతుందా, ఆ పిల్లలు వారసులేనా?

తేదీలు కూడా ఆయుధాలే. 1485లో బాస్‌వర్త్ యుద్ధం గెలిచిన ఏడో హెన్రీ తన పాలన ముందురోజే మొదలైందని లెక్క రాయించాడు. దాంతో ఆ రోజు రాజు మూడో రిచర్డ్ పక్షాన నిలబడి యుద్ధం చేసినవాళ్ళంతా రాజద్రోహులయ్యారు. ఒక్క రోజు మార్చిన లేఖరి పాత్ర మీకు కావాలనిపించడం లేదా?

ఏడో అడుగు: నిప్పురవ్వని చిన్నగా ఉంచండి

శాంతి మళ్ళీ కంపించే సంఘటన పెద్ద కుట్ర కానక్కర్లేదు. పల్నాటి కథలో దాయాదుల మధ్య చిచ్చు కోడిపందెం దగ్గర రగిలింది. వనవాసం ముగిశాక రాజ్యభాగం అడగడానికి రాయబారిగా వెళ్ళిన అలరాజు విషప్రయోగానికి బలైనప్పుడు అది యుద్ధమైంది. పందెం చిన్నది, వెనక పేరుకున్నది పెద్దది. మీ నిప్పురవ్వ మీరు ఇదివరకే తయారు చేసుకున్న మూడు గాయాలని ఒకేసారి తాకాలి. మన ఉదాహరణలో: ఏటి ఒడ్డు సంతలో ఒక ముసలి కొండ సైనికుడు జీతం బకాయి కింద వచ్చిన పాత నాణెంతో ఎద్దుని కొనబోతాడు. వ్యాపారి ఆ నాణెం తీసుకోనంటాడు. మాటామాటా పెరిగి, వ్యాపారి అన్న ఏ ఊళ్ళో చచ్చాడో సైనికుడి నోట బయటపడుతుంది. నాణెం, బకాయి, మరపు ప్రమాణం మూడూ ఒకే చోటికి వచ్చాయి. అక్కడ పక్కనే ఉన్న సుంకం అధికారి ఇప్పుడు ఆ సైనికుడిని ప్రమాణభంగం కింద పట్టుకోవాలా, వదిలేయాలా?

యుద్ధం వల్ల లాభపడినవాళ్ళని కూడా ఆ సంతలోనే ఉంచండి. వాళ్ళు దుష్టులు కానక్కర్లేదు. కనుమల్లో సుంకం వసూలు చేసి బతికిన దండు నాయకుడికి, శాంతి వస్తే తన మూడువందలమంది ఆకలితో ఉంటారన్న బాధ్యతే తొందరపెట్టవచ్చు.

ఎనిమిదో అడుగు: ఎవరి కళ్ళతో చూపించాలి

రాజు కళ్ళతో చూపిస్తే అంతా వ్యూహంగా మారిపోతుంది. నేనైతే ఒప్పందాన్ని రోజూ అమలు చేయాల్సిన మనిషిని ఎంచుకుంటాను. సరిహద్దు రాళ్ళు పాతే కొలతగాడు, జీతాల పట్టీ రాసే గుమస్తా, రాజీ పెళ్ళిలో శత్రువు ఇంటికి వచ్చిన కోడలు. వీళ్ళ చేతిలో నిర్ణయాధికారం కొంచెమే ఉంటుంది, ఆ కొంచెమే ఎవరినో బతికిస్తుంది లేదా చంపుతుంది. ముప్పై దాటనివాళ్ళకి శాంతి అంటే ఏమిటో అసలు తెలియదని గుర్తుంచుకోండి. రాత్రి తలుపు గడియ పెట్టకుండా పడుకోవడం వాళ్ళు కొత్తగా నేర్చుకోవాలి.

రాత మొదటి ప్రతి అయ్యాక ఒక పరీక్ష చేయండి. కథలోంచి అందరికంటే చెడ్డ పాత్రని తీసేసి, ఒప్పందాన్ని మళ్ళీ చదవండి. అప్పుడు కూడా రాబోయే కోతల కాలానికి ఎవరు కత్తి తవ్వి తీస్తారో మీరు పేరుపెట్టి చెప్పగలిగితే సరిపోయింది. చెప్పలేకపోతే రెండో అడుగుకి వెళ్ళి భూమి షరతు దగ్గర తేదీని మార్చి చూడండి. ఎవరి పొలం పోయిందో, ఎవరికి వచ్చిందో మళ్ళీ రాసుకుంటూ రండి.